బోథ్ రైతుకు కావలసినది పశుగ్రాస చెట్ల పంచాంగం

ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతంలో పొలాల అమావాస్య నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, పూజించి ఊరేగిస్తారు. ఆ వేళ పొలాల గట్లన్నీ పచ్చిమేతతో నిండి ఉంటాయి. అవే ఎద్దులకు చైత్ర, వైశాఖ మాసాలలో ఏమి మేపాలన్నదే ఇక్కడి రైతు అసలు సమస్య. ఈ సమస్యకు మనం ఇస్తున్న సలహా అసంపూర్ణమని నా అభిప్రాయం.

ఈ నల్లరేగడి భూములలో ఒకప్పుడు జొన్న విస్తారంగా పండేది. గింజ మనిషికి, చొప్ప పశువుకు దక్కేది. జొన్న స్థానాన్ని పత్తి, సోయాచిక్కుడు ఆక్రమించిన కొద్దీ చొప్ప వాములు తగ్గిపోయినవి. పత్తి కట్టె మేతగా పనికిరాదు. పురుగుమందులు చల్లిన పత్తి చేలో పశువులను వదలడం క్షేమకరమూ కాదు. మిగిలిన ఆధారం అడవి. మేత కొరత పెరిగిన కొద్దీ అడవిపై, అడవి అంచున మేకలు, పశువులు కాసే గోండు, కొలాం, లంబాడీ కుటుంబాలపై భారం పెరుగుతున్నది.

దీనికి విస్తరణ సమావేశాలలో సాధారణంగా వినిపించే పరిష్కారం సుబాబుల్. దాని విలువను కాదనలేము. జొన్న చొప్పలో ముడి మాంసకృత్తులు 4–5 శాతం ఉండగా, సుబాబుల్ ఆకులో ఎండు పదార్థం ఆధారంగా 20 శాతానికి పైగా ఉంటాయి. అయితే ఒకే జాతిపై ఆధారపడితే ఏమగునో మనకు అనుభవమే. 1988లో మన దేశంలో ప్రవేశించిన సిల్లిడ్ పురుగు సుబాబుల్ లేత చిగుళ్లను పీల్చివేసింది. ఈ ఆకులోని మిమోసిన్ కారణంగా దానిని మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా ఇవ్వవలసి ఉంటుంది. అనగా మిగిలిన రెండు వంతులకు మరొక ఆధారం ఎటూ తప్పదు.

ఆ ఆధారం చాలావరకు మన గట్లపైనే ఉన్నది. తెల్లతుమ్మ, నల్లతుమ్మ కాయలు నడివేసవిలో రాలి మేకలకు బలమైన ఆహారమవుతాయి. నారేపి కొద్దికాలం మాత్రమే ఆకు రాల్చి, ఏప్రిల్ నాటికి తిరిగి చిగురిస్తుంది. జమ్మి వర్షం కోసం చూడకుండానే ఎండాకాలంలో ఆకు తొడుగుతుంది. పశ్చిమ రాజస్థాన్ రైతులు సజ్జ చేలలోనే ఈ చెట్లను నిలుపుకొని ఆకును ఎండబెట్టి దాచుకుంటారు. మార్చి, ఏప్రిల్ నెలలలో రాలే ఇప్పపువ్వును పశువులు, మేకలు ఇష్టంగా తింటాయి. వీటికి తోడు దిరిసెన, మేడి, రావి, రేగు, ఆరె ఉన్నవి. ఒక జాతి ఆకు రాల్చిన నెలలో మరొకటి చిగురిస్తుంది. వైవిధ్యం వలన రైతుకు కలిగే అసలు ప్రయోజనం ఇదే. తుమ్మజాతి ఆకులలోని టానిన్లు, సుబాబుల్‌లోని మిమోసిన్ వంటివి కూడా మిశ్రమ మేతలో పలచబడి, హాని తగ్గుతుంది.

పత్తికి నీడ పడుతుందన్నది రైతు చెప్పే న్యాయమైన అభ్యంతరం. ఎకరం చదరపు చేనుకు చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. ఎత్తు పెరిగే చెట్లను వాగు ఒడ్డున, పశువుల కొట్టం వద్ద, బీడు మూలల్లో నిలిపి, గట్లపై మాత్రం గ్లిరిసిడియా, సుబాబుల్ వంటి వాటిని తరచుగా కొట్టి పొదలుగా పెంచితే నీడ సమస్య చాలావరకు తీరుతుంది. ఒక్క వైపు గట్టున అర మీటరు ఎడంతో నాటినా సుమారు 125 మొక్కలు పడతాయి. గ్లిరిసిడియా ఆకును కొత్తలో పశువులు ముట్టకపోవచ్చు. కోసి, ఒక రాత్రి వాడనిచ్చి వేస్తే అలవాటుపడతాయి. జమ్మి, నారేపి ఆకు కోతకు రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. పొదలు త్వరగా అందివస్తాయి. కాబట్టి పొద నేటి మేత, చెట్టు రేపటి మేత. గట్టుపై తానుగా మొలిచిన మొక్కను దున్నివేయకుండా కాపాడుకొనుట అన్నిటికంటె చవకైన పద్ధతి.

భారతదేశం 2014లోనే జాతీయ వ్యవసాయ అటవీ విధానాన్ని ప్రకటించి, ఇటువంటి విధానం రూపొందించిన తొలి దేశంగా నిలిచింది. అదే ఏడాది జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షమైంది. కానీ నాటిన మొక్కల సంఖ్యనే విజయానికి కొలతగా తీసుకున్నంత కాలం, త్వరగా పెరిగే ఒకటి రెండు జాతులకే నర్సరీలలో చోటు దక్కుతుంది. ఏ నెలలో ఎన్ని జాతుల పచ్చిమేత ఆ గ్రామంలో లభిస్తున్నదన్నది మరింత అర్థవంతమైన కొలత.

ఇందుకు పెద్ద ప్రాజెక్టు అక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెల్లో నివసించే విద్యార్థులు తామున్న గ్రామంలోని గట్ల చెట్లను లెక్కించి, ఏ చెట్టు ఏ నెలలో ఆకు, పువ్వు, కాయ ఇస్తుందో, ఏ పశువు దేనిని ఇష్టపడుతుందో పశుకాపరులను అడిగి నమోదు చేయవచ్చు. తెలుగుతో పాటు గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ పేర్లను కూడా వ్రాసుకొనవలెను; పేరు మరుగున పడితే ఆ చెట్టును గురించిన జ్ఞానం కూడా మరుగున పడుతుంది. ఇలా తయారైన పన్నెండు నెలల పట్టిక గ్రామ పంచాయతీ గోడపై ఉంటే, ఏ మొక్క అడగాలో రైతుకు, ఏ విత్తనం సేకరించాలో నర్సరీకి తెలుస్తుంది. మన సిఫారసు ఆ పట్టికలోని ఖాళీ నెలల నుండి మొదలుకావాలి.