చదరంగపు సంఖ్య నేర్పు పాఠము

చదరంగపు బల్లపై మొదటి యింట నొక గింజ, రెండవ యింట రెండు, మూఁడవ యింట నాలుగు, ఇట్లు రెట్టించుచు 64 ఇండ్లును నింపుమని రాజు నడిగిన విద్వాంసుని కథను వినని బాలబాలికలు మన చిత్తూరిలో నరుదు. గింజల మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. మనము కథ విని యబ్బురపడుదుము. సంఖ్యను గంఠస్థము చేయుదుము. అది నిజమగునో కాదో చూచువారు మాత్రము మిగులఁ దక్కువ. ఇది మంచి విద్య కాదని మా యభిప్రాయము.

ఈ సంఖ్య తెలుఁగునకుఁ గ్రొత్తది గాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుఁడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిఁగించెను. ఆతనిదిగాఁ బ్రసిద్ధమైన యొక పద్యమున నీ 20 అంకెలును నిమిడియున్నవి. చంద్రుఁడన్న 1, వేదములన్న 4, శరములన్న 5, గగనమన్న 0. ఒకట్ల స్థానము మొదలుకొని యెడమవైపునకు వ్రాసికొనుచుఁ బోవలయును. పద్యము జ్ఞాపకమునకు మంచి తోడు. అయినను నోట నోటఁ బడి యొక్క పదము మాఱెనా, అంకెయు మాఱును. అప్పుడు మనకు దిక్కేది?

లెక్కయే దిక్కు. 64 రెండ్లను గుణించి యొకటి తీసివేసినచో నీ మొత్తము వచ్చును. రెండును రెట్టించుచు 9చే భాగించిన, శేషములు 2, 4, 8, 7, 5, 1 అని తిరుగుచుండును; అఱువదినాలుగవ శేషము 7; ఒకటి తీసిన 6. ఇఁక మన సంఖ్యలోని యంకెలన్నియుఁ గూడిన 87. దానిని 9చే భాగించినను శేషము 6. సరిపోయినది. కాని రెండంకెలు తారుమాఱైనను, 0కు బదులు 9 పడినను, ఈ పరీక్ష పట్టఁజాలదు. కావున 2ను వరుసగా నాఱు మాఱులు వర్గము చేసి, యొకటి తీసి చూచుటయే తుదిసాక్ష్యము.

పెద్దల మాటకును పరీక్ష వలయునా యని కొందఱడుగవచ్చును. మన సంఖ్యయే బదులు చెప్పుచున్నది. అది 4,29,49,67,295, 4,29,49,67,297 అను రెంటి లబ్ధము. ఇందు రెండవది యభాజ్యమని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా తలంచెను. 1732లో ఆయిలర్ దానిని 641చే భాగింపఁగా 67,00,417 వచ్చి శేషమేమియు మిగులలేదు. అంత గొప్పవాని యూహ యొక్క భాగహారముతోఁ దొలఁగిపోయెను! దీనివలన ఫెర్మా గౌరవము తగ్గలేదు. సత్యము మాత్రము నిలిచినది. ఆ భాగహారమును మన విద్యార్థులలో నెవరైనను నొక్క కాగితముపైఁ జేయఁగలరు.

కావున తలిదండ్రులకు మా విన్నప మొక్కటి. బిడ్డను “ఎన్ని యెక్కములు వచ్చును?” అని యడుగుటతో నూరకుండక, “అది నిజమని నీ కెట్లు తెలిసినది?” అనియు నడుగుఁడు. విద్యార్థులారా, పైని మేము వ్రాసిన సంఖ్యను సైతము మా మాటపై నమ్మకుఁడు. కాగితము తీసికొని లెక్క చేసి చూడుఁడు.