ఇసుకలో ఇంజిన్‌కు ముక్కుతాడు

ఇసుక తిన్నె ఎక్కుతున్న బండి ఓడిపోబోతోందన్న సంగతి కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. అప్పటిదాకా గుక్క తిప్పుకోకుండా రొద పెట్టిన ఇంజిన్, శిఖరం ఇంకో పది గజాలుందనగా ఒక్కసారిగా నత్తి మొదలుపెడుతుంది. అందుకుంటుంది, వదిలేస్తుంది, మళ్లీ అందుకుంటుంది. యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినా ఫలితం ఉండదు. ముక్కు ఆకాశం వైపు పెట్టుకుని బండి నిలబడిపోతుంది. నాలుగు చక్రాలూ తమ గుంటలు తామే తవ్వుకుంటాయి. దుబాయ్ శివార్లలోని ఎడారిలోనైనా, జైసల్మేర్ దగ్గరి సమ్ తిన్నెల్లోనైనా ఇదే దృశ్యం. ఆ తర్వాత వినిపించే ఫిర్యాదూ ఒకటే: సరిగ్గా అవసరమైన క్షణంలో కంప్యూటర్ కాలు పట్టి వెనక్కి లాగిందని.

ఆ ఫిర్యాదులో ముద్దాయి రెవ్ లిమిటర్. ఇంజిన్ నిమిషానికి ఇన్ని చుట్లకు మించి తిరగకుండా కాపలా కాసే ఏర్పాటు అది. పెట్రోలు జీపుల్లో ఆ హద్దు సాధారణంగా 6,000 చుట్లకు అటూ ఇటూ ఉంటుంది. డీజిల్ జీపుల్లో 4,500 ప్రాంతంలో, భారీ లారీల్లో 2,500 లోపే. హద్దు తాకగానే కంప్యూటర్ ఇంధనాన్ని ఆపేస్తుంది. చుట్లు కాస్త తగ్గగానే మళ్లీ వదులుతుంది. మనకు వినిపించే నత్తి అదే.

ఈ కాపలా ఊరికే పెట్టింది కాదు. నిమిషానికి 6,000 చుట్లంటే ఒక్కో పిస్టన్ సెకనుకు వందసార్లు పైకి వెళ్లి కిందికి రావాలి. వేగం రెట్టింపైతే పిస్టన్‌ను పట్టుకున్న కడ్డీ మీద పడే బలం నాలుగింతలవుతుంది. ఒక స్థాయి దాటాక వాల్వులను మూసే స్ప్రింగులు వెనకబడతాయి. తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ ఢీకొంటే ఇంజిన్ పని అంతటితో సరి. అందుకే యంత్రానికి ముక్కుతాడు వేయడం కంప్యూటర్ల కన్నా చాలా పాతది. ఆవిరి యంత్రం అదుపు తప్పకుండా జేమ్స్ వాట్ 1788లోనే తిరిగే గుండ్లతో గవర్నర్ అమర్చాడు. డీజిల్ ఇంజిన్‌కైతే మొదటి నుంచీ గవర్నర్ తప్పనిసరి. ఇంధనానికి కొలత పెట్టకపోతే అది తనను తాను విరగ్గొట్టుకునేదాకా తిరుగుతుంది.

తారు రోడ్డు మీద ఈ కాపలాదారు ఉన్నట్టే తెలియదు. అర సెకను శక్తి ఆగినా బండి తన ఊపులో సాగిపోతుంది. కారణం సులువే. నున్నటి రోడ్డు మీద చక్రం దొర్లడానికి ఎదురయ్యే అడ్డంకి బండి బరువులో ఒకటి, ఒకటిన్నర శాతం మాత్రమే. మెత్తటి ఇసుకలో అది ఇరవై, ముప్పై శాతం దాకా పోతుంది. ఏటి ఇసుకలో ఎడ్లబండి తోలినవారికి ఈ లెక్క అంకెలు లేకుండానే తెలుసు. అవతలి గట్టు వచ్చేదాకా ఎడ్లను ఆగనివ్వరు.

ఇరవై శాతమే అనుకుందాం. గంటకు 36 కి.మీ. వేగంతో, 20 డిగ్రీల వాలు ఎక్కుతున్న బండికి అర సెకనుపాటు శక్తి అందలేదనుకోండి. ఇసుక పట్టు, వాలు రెండూ కలిసి ఆ అర సెకనులోనే దాదాపు 9 కి.మీ. వేగాన్ని, అంటే ఉన్నదాంట్లో నాలుగో వంతును తినేస్తాయి. క్లచ్ తొక్కి గేరు మార్చడానికీ అంతే సమయం పడుతుంది. అందుకే తిన్నె మధ్యలో లిమిటర్ తాకితే డ్రైవర్ ముందు మంచి దారి ఏదీ మిగలదు. గేరు మారిస్తే ఊపు పోతుంది. మార్చకపోతే ఇంజిన్ ఇంకో చుట్టు కూడా ఎక్కువ ఇవ్వదు.

దీనికితోడు ఇసుకలో చక్రం జారుతుంది. అది తిరిగినంత మేర బండి కదలదు. చక్రాలు గంటకు 40 కి.మీ. లెక్కన తిరుగుతుంటే బండి 30 కి.మీ. మాత్రమే పోతుండవచ్చు. స్పీడోమీటర్ చూపేది చక్రం మాట, ఇసుక మాట కాదు. కాబట్టి రోడ్డు మీది అనుభవంతో వేసుకున్న అంచనా కన్నా ముందే లిమిటర్ ఎదురవుతుంది.

అసలు నిర్ణయం, అందువల్ల, తిన్నె కిందే జరిగిపోవాలి. ఉదాహరణకు 2023లో మన దేశంలో అమ్మకానికొచ్చిన ఐదు తలుపుల జిమ్నీని తీసుకోండి. గేర్ల నిష్పత్తుల ప్రకారం లెక్క వేస్తే, లో రేంజ్ మొదటి గేరులో 6,000 చుట్ల వద్ద దాని వేగం గంటకు 20 కి.మీ. దాటి కాస్తంతే. చక్రాల జారుడు తీసేస్తే ఇంకా తక్కువ. తిన్నె ఎక్కడానికి అది చాలదు. లో రేంజ్ రెండో గేరులో 40 దాటుతుంది, మూడులో ఇంకా పైకి పోతుంది. కొత్తవాళ్లు 'బలం ఎక్కువ' అని మొదటి గేరు ఎంచుకుంటారు. బలం నిజమే కానీ అది ముగిసిపోయే చోటు మరీ దగ్గర. ఒకే గేరులో, లిమిటర్ తాకకుండా, శిఖరం దాకా ఏది తీసుకెళ్తుందో అదే సరైన గేరు. గల్ఫ్ ఎడారుల్లో 4.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత నిస్సాన్ పట్రోల్‌ను ఇష్టపడటానికి ఒక కారణం ఇదే. పెట్రోలు ఇంజిన్ అడుగు నుంచి హద్దు దాకా చాలా దూరం లాగుతుంది. మధ్యలో గేరు జోలికి పోనక్కర్లేదు. చుట్ల పరిధి ఇరుకైన డీజిల్ బండి నడిపేవారు మరింత ముందుచూపుతో ఎంచుకోవాలి.

ఆటోమేటిక్ గేర్ల బండి అయితే ఇంకో చిక్కు. కొన్నింటిలో మాన్యువల్ మోడ్‌లో పెట్టినా హద్దు దగ్గర పై గేరు తనంతట తానే పడుతుంది. ఇంజిన్ చుట్లు ఒక్కసారిగా పడిపోయి బండి నీరసిస్తుంది. మరికొన్ని గేరు మార్చకుండా లిమిటర్ మీదే ఉండిపోతాయి. తన బండి స్వభావం ఏదో చదును నేల మీదే పరీక్షించి తెలుసుకోవాలి. చక్రం జారగానే శక్తి తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ చేసే పనిని కూడా చాలామంది లిమిటర్ ఖాతాలో వేస్తారు. అది వేరే కాపలాదారు. ఇసుకలో దాన్ని ఆపేందుకు సాధారణంగా స్విచ్ ఉంటుంది. లిమిటర్‌కు ఉండదు.

స్విచ్ లేనిచోట ల్యాప్‌టాప్ వస్తుంది. కంప్యూటర్‌లోని హద్దును మరో ఐదారొందల చుట్లు పైకి జరిపి ఇచ్చే వర్క్‌షాపులు ఇప్పుడు దొరకని నగరం లేదు. వారంటీ పోవడం అందులో చిన్న నష్టమే. తిన్నె అంచు దాటి బండి గాల్లోకి లేస్తే చక్రాలకు ఇసుక అడ్డు ఉండదు. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటే ఇంజిన్ రెప్పపాటులో పిచ్చిగా తిరగబోతుంది. ఆ క్షణాన దాన్ని కాపాడేది తిట్లు తింటున్న ఆ లిమిటరే. అది కాపాడలేని సందర్భమూ ఒకటుంది. తిన్నె దిగేటప్పుడు మరీ తక్కువ గేరు వేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. ఇంధనం ఆపడం తప్ప ఇంకేమీ చేతకాని లిమిటర్ అప్పుడు చూస్తూ ఊరుకోవాల్సిందే.

ఇంజిన్ కన్నా విలువైనది లోపల కూర్చున్న మనుషుల ప్రాణం. ఎడారి ఇసుక శాస్త్రాన్ని 1941లో పుస్తకంగా రాసిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్, అంతకు పదేళ్ల ముందే ఫోర్డ్ కార్లతో ఈజిప్టు, లిబియా ఇసుక సముద్రంలో తిరిగాడు. టైర్లలో గాలి తగ్గించడం, కూరుకుపోతే చక్రాల కింద ఉక్కు పట్టాలు వేయడం ఆయన బృందాల పద్ధతులే. 1940లో ఆయన నెలకొల్పిన దళం షెవర్లే ట్రక్కులతో అదే ఎడారిలో యుద్ధం చేసింది. వాటి ఇంజిన్లు ఈనాటి మామూలు కారు ఇంజిన్ల కన్నా బలహీనం. తిన్నె ఆకారం తెలియడమే వారి బలం. గాలి వీచే వైపు వాలు మందంగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక 32 నుంచి 34 డిగ్రీల వాలుతో జారి నిలుస్తుంది. ఆ వైపు ఏముందో శిఖరం చేరేదాకా కనిపించదు. కాబట్టి పైకి చేరేంత ఊపు కావాలి, అంచు మీది నుంచి ఎగిరిపోయేంత ఉండకూడదు. హద్దు పెంచుకున్న ఇంజిన్ ఈ రెండో ప్రమాదాన్నే దగ్గర చేస్తుంది.

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి స్టీరింగ్ పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. బతుకుదెరువు కోసం నడిపేవారికి పందెం అవసరం లేదు. సొంత డబ్బుతో థార్ కొని వారాంతంలో రాజస్థాన్ వెళ్లే కొత్త ఉత్సాహానికీ ఆ జాగ్రత్త అలవడితే మంచిది. ముప్పై పీఎస్‌ఐ పైన ఉండే టైర్ల గాలిని పదిహేను ప్రాంతానికి దించితే చక్రం పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. అడ్డంకి తగ్గుతుంది. హద్దు పెంచినందువల్ల వచ్చే లాభం కన్నా అది ఎక్కువ, ఖర్చు లేనిది. అయినా నత్తి వినిపిస్తే యాక్సిలరేటర్ వదిలేయాలి. బండిని అడ్డంగా తిప్పితే దొర్లుతుంది కనుక, రివర్స్‌లో వచ్చిన జాడలోనే తిన్నగా కిందికి దిగాలి. తర్వాత ఇంకో గేరుతో, ఇంకాస్త దూరం నుంచి మళ్లీ బయల్దేరాలి. తిన్నె ఎక్కడికీ పోదు.