నాలుగు నిమ్మకాయలు, ఒక వారంటీ పుస్తకం

మా తరానికి కూపే అంటే రైలులో మొదటి తరగతి పెట్టెలో ఇద్దరు ప్రయాణికులకు కేటాయించే చిన్నగది. 'కోసినది' అనే అర్థమున్న ఫ్రెంచి మాట అది. ఒకప్పుడు ముందుభాగం తగ్గించి కుదించిన గుర్రపుబండికి ఆ పేరు ఉండేది. ఇప్పుడు వెనుకకు వాలిన కప్పుతో, నేలకు దగ్గరగా ఉండే కార్లకు ఆ పేరు స్థిరపడింది. మా అక్క కొడుకు అటువంటి స్పోర్ట్స్ కూపే ఒకటి కొన్నాడు. పదేళ్ళ పొదుపు, దానిపై ఏడేళ్ళ బ్యాంకు అప్పు. మా చిత్తూరు సీమ ఆచారం ప్రకారం కాణిపాకంలో పూజ చేయించాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయి. దిష్టి పోయిందని మా అక్క తృప్తిపడింది.

మూడో నెలలో తల్లిని ఎక్కించుకొని తిరుమలకు బయలుదేరాడు. రెండో కనుమదారిలో సగం దూరం ఎక్కాక, ఒక మలుపు దగ్గర కారు ఉన్నట్టుండి శక్తిని కోల్పోయింది. ఎంత తొక్కినా వేగం లేదు. ఎదుట పసుపుపచ్చ దీపం, వెనుక బస్సుల హారన్లు. డెబ్బయ్యేళ్ళ మనిషి పక్కసీటులో గోవిందనామం పట్టుకొని కూర్చుంది. ఇంజన్ ఆపి, కాసేపటికి మళ్ళీ వేస్తే ఏమీ జరగనట్టు నడిచింది.

ఆ కంపెనీ సర్వీసు కేంద్రం తిరుపతిలో లేదు. సుమారు 140 కిలోమీటర్ల దూరాన చెన్నైలో ఉంది. అక్కడికి తీసుకొనిపోతే రెండు రోజులు ఉంచుకొని, "నడిపి చూశాము, లోపమేమీ కనబడలేదు" అని తిప్పి పంపారు. ఇదే కథ నాలుగుసార్లు జరిగింది. కంపెనీ పేరు నేను చెప్పను. నా వాదం ఒక కంపెనీ మీద కాదు.

నాలుగు సందర్భాల జాబ్ కార్డులనూ ఒకనాడు నా ముందు పరిచాడు. మొదటిదానిలో 'శబ్దం వస్తున్నదని ఫిర్యాదు' అని ఉంది. రెండవదానిలో 'సాధారణ తనిఖీ'. మూడవదానిలో 'సాఫ్ట్‌వేర్ నవీకరణ'. నాలుగవదానిలో 'వాహనం సంతృప్తికరం'. కనుమదారిలో కారు శక్తి కోల్పోయిందన్న సంగతి ఏ ఒక్కదానిలోనూ లేదు. నాలుగింటి కిందా మావాడి సంతకం మాత్రం ఉంది.

"నోటితో అంతా చెప్పినాను మామా, ఆయన తల ఊపినాడు" అన్నాడు.

నేను చెప్పదలచుకొన్నది ఇదే. వారంటీ అనేది కంపెనీ ఇచ్చిన మాట. ఆ మాటకు ప్రాణం ఉండేది షోరూములో చేతికిచ్చిన రంగురంగుల పుస్తకంలో కాదు, సర్వీసు కేంద్రంలో నలిగిన కాగితం మీద. మూడేళ్ళ వారంటీయా, అయిదేళ్ళదా అని కొనేముందు తరచి తరచి అడుగుతాము. ఫిర్యాదును మన మాటలలోనే రాశారా అని మాత్రం చూసుకోము.

వారంటీ మనకు కొత్త కాదు. మా తిరుపతి పక్కనే కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా సంస్థ బ్యాటరీల వల్ల ఈ ప్రాంతంలో ఇంటింటికీ వారంటీ కార్డు తెలుసు. కాని బ్యాటరీ చిక్కు చిన్నది. మీటరు పెడితే బ్యాటరీ ఉందో పోయిందో తెలుస్తుంది. నేటి కారు అలా కాదు. వేడెక్కినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, ఒక్కోసారి మాత్రమే తలెత్తే లోపం, చదును రోడ్డు మీద మెకానిక్ నడిపి చూస్తే బయటపడదు. అయితే కారు దాన్ని మరచిపోదు. లోపం తలెత్తిన క్షణంలో ఇంజన్ తిరిగిన వేగం, వేడి మొదలైనవాటిని కోడ్‌తో సహా తన కంప్యూటరులో దాచుకొంటుంది. ఆ కోడ్‌ను ప్రింటు తీయకుండా చెరిపివేస్తే సాక్ష్యం పోయినట్టే. నాలుగుసార్లూ జరిగింది ఇదే.

సాక్ష్యం ఎందుకంటారా? మా కాణిపాకంలో వినాయకుని ఎదుట ప్రమాణం చేస్తే ఊళ్ళో తగవు తీరిపోవచ్చును. వినియోగదారుల కమిషన్ ఎదుట ప్రమాణం చాలదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతులు లోపమున్న భాగాన్ని బాగుచేసి లేదా మార్చి ఇవ్వమన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం తగదన్నది. 2022లో హ్యుందాయ్ కేసులో, ప్రమాద సమయాన ఎయిర్‌బ్యాగులు తెరుచుకోనందుకు కారునే మార్చి ఇవ్వాలన్న తీర్పును అదే కోర్టు సమర్థించింది. అంటే మన కేసు ఏ దారిన పోతుందన్నది లోపం స్వభావాన్ని బట్టీ, దానిని చూపగల ఆధారాలను బట్టీ ఉంటుంది.

చట్టం మనవైపు కొంత జరిగింది కూడా. 2020లో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చును. కారు చెన్నైలో కొన్నా కేసు తిరుపతిలోనో చిత్తూరులోనో వేయవచ్చునన్నమాట. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలును. గడువు రెండేళ్ళు. వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే అయిదు నెలలలో తేల్చాలని చట్టమే చెబుతున్నది. కాని ఇన్ని తలుపులు తెరిచినా, చేతిలో 'వాహనం సంతృప్తికరం' అన్న కాగితం పట్టుకొని లోపలికి పోతే ఏమి లాభం?

కంపెనీల వైపు న్యాయమే లేదని అనను. ఇటువంటి కార్లు కొన్నవారిలో ఇంజన్ సాఫ్ట్‌వేరు మార్పించేవారూ, పందేలకు తోలేవారూ ఉంటారు. వారి చేష్టలకు కంపెనీ ఎందుకు చెల్లించాలి? నిజమే. అయితే దుర్వినియోగం జరిగిందన్నవారే దానిని నిరూపించాలి. 2022లో అమెరికాలో టయోటా జీఆర్86 అనే కొత్త స్పోర్ట్స్ కూపే ఇంజన్ పోతే, యజమాని సోషల్ మీడియా ఫొటోలు చూపి వారంటీ నిరాకరించారు. సంగతి నలుగురికీ తెలిశాక గాని కంపెనీ దారికి రాలేదు. నలుగురికీ తెలియని మావాడి వంటివారి మాటేమిటి?

అక్కడ పదే పదే పాడయ్యే కొత్తకారును 'నిమ్మకాయ' అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రంతో మొదలుపెట్టి అక్కడి రాష్ట్రాలు నిమ్మకాయ చట్టాలు చేసుకొన్నాయి. ఇన్నిసార్లు బాగుచేయబోయి విఫలమైతే, లేదా ఇన్ని రోజులు షెడ్డులోనే ఉంటే కారు మార్చాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి అని లెక్క కట్టి రాశారు. మనకు అటువంటి లెక్క లేదు. మన చట్టంలోనూ అది ఉండాలని నా అభిప్రాయం. అంతవరకు మన నిమ్మకాయలు చక్రాల కిందనే నలుగుతుంటాయి.

అయిదవసారి నేను కూడా చెన్నైకి వెళ్ళాను. 'ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజన్ వేడిగా ఉండగా శక్తి కోల్పోయి, పసుపుపచ్చ దీపం వెలిగింది. ఇది అయిదవసారి' అని తేదీలతో సహా రాసేవరకు సంతకం చేయవద్దన్నాను. కోడ్ ప్రింటు ఇవ్వమన్నాము. గంటసేపు వాదన జరిగింది. చివరకు రాశారు, ప్రింటు ఇచ్చారు. పది రోజులకు ఇంధన పంపులో లోపముందని తేలింది. వారంటీ కిందనే, పైసా తీసుకోకుండా మార్చారు. మొదటిసారే రాసి ఉంటే నాలుగు ప్రయాణాలు తప్పేవి.

కారు ఇప్పుడు బాగున్నది. మా అక్క మాత్రం కొండకు ఆర్టీసీ బస్సులోనే వెళుతోంది. పోయిన నమ్మకానికి ఏ పుస్తకంలోనూ వారంటీ లేదు.

కనుక చదువరులారా, కూపే కానివ్వండి, స్కూటరు కానివ్వండి, సంతకం పెట్టేముందు జాబ్ కార్డు ఒక్కసారి చదవండి. మీరు చెప్పింది అందులో ఉన్నదా?