దూరంగా ఉండటం వేరు, తెంచుకోవటం వేరు



"ఇంటివాళ్ళకు దూరంగా ఉంటేనే నేను బాగుపడతాను" అనే మాట యౌవనస్థుల నోట తరచుగా వింటున్నాము. "కని పెంచినందుకు ఇదా ఫలితం" అని తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. మా అభిప్రాయం ఏమంటే, దూరంగా ఉండటం పాపం కాదు. అలాగని తెంచుకోవటం మందు కాదు.

మా వృత్తికి తల్లివంటి ఫ్లోరెన్స్ నైటింగేల్‌నే చూడండి. ఆమె 1820లో ధనికుల ఇంట పుట్టారు. నర్సు అవుతానంటే తల్లి, అక్క ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో ఆ పనికి గౌరవం లేదు. ఏళ్ళ తరబడి ఇంట్లో నలిగిపోయి, చివరకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో డీకనెస్సుల వద్ద సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయినప్పుడు, ఏటా 500 పౌన్లు ఇచ్చి నిలబెట్టింది కన్నతండ్రే. 1874లో తండ్రి పోయాక ముసలితల్లి బాగోగులు చూడటానికి ఆమె తన పనిని సైతం ప్రక్కన పెట్టుకున్నారు. ఎదగటానికి ఇల్లు విడిచారు గాని, ఇంటివారిని విడువలేదు.

అమెరికా మానసిక వైద్యులు మర్రీ బోవెన్ (1913–1990) చెప్పినది కూడా ఇదే. మాటలు మానేసి, రాకపోకలు తెంచుకుంటే లోపలి కలత తీరదు, అణగి ఉంటుంది. అదే కలత రేపు భార్యాభర్తల మధ్యనో, బిడ్డల మీదనో బయటపడుతుంది. బంధంలో ఉంటూనే తన ఆలోచన తాను చేసుకోగలగటమే ఎదుగుదల అని ఆయన బోధించారు.

పిల్లలారా, చదువుకో ఉద్యోగానికో వెళ్ళండి. వారానికి ఒక రోజు పెట్టుకుని ఇంటికి ఫోను చేయండి. ఇష్టం లేనిదానికి "వద్దు" అని నెమ్మదిగా చెప్పండి, అరవకండి.

తల్లిదండ్రులారా, "అమ్మకు సీరియస్" అని అబద్ధపు కబురు పంపి బిడ్డను రప్పించకండి. నిజంగా సీరియస్ అయిన రోజు వారు నమ్మరు. బిడ్డ కోసం వార్డు గుమ్మం వైపే చూసే కళ్ళు ఎలా ఉంటాయో మాకు తెలుసు.

అయితే కొట్టే ఇంట్లో, త్రాగి హింసించే ఇంట్లో ఓర్చుకుని పడి ఉండమని మేము చెప్పము. అక్కడ దూరం ప్రాణరక్షణ. గృహహింస నుండి స్త్రీలను కాపాడే చట్టం 2005 నుండి ఉన్నది. స్త్రీలు 181కు ఫోను చేయవచ్చు. మనస్సు కలత చెందినవారు ఎవరైనా టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పురుషుడు తలిదండ్రులను విడిచి భార్యను హత్తుకొనునని ఆదికాండము 2:24 చెప్తుంది. తలిదండ్రులను సన్మానించుమని నిర్గమకాండము 20:12 చెప్తుంది. రెండూ ఒకే గ్రంథములోని మాటలే. ఒకటి పట్టుకుని రెండవదాన్ని వదలకుందుము గాక.