తెల్లవాళ్ళ గోలా?

ఈమధ్య ఒక ఉగాది కార్యక్రమానికి పేర్లు రాసుకుంటూండగా పదహారేళ్ళ కుర్రాడొకడు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తానన్నాడు. "ఆ తెల్లవాళ్ళ గోల మన వేదిక మీద ఎందుకు బాబూ?" అన్నారు పెద్దలు. కుర్రాడు మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ పెద్దల సరసన నేనూ కూర్చుని ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడీ రాత.

అయ్యా, అది తెల్లవాళ్ళది కాదు. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన లానీ జాన్సన్ అనే నల్లజాతి కళాకారుడు 1927లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తోనూ, మరుసటి ఏడు డ్యూక్ ఎల్లింగ్టన్‌తోనూ రికార్డులిచ్చాడు. అప్పటికి గిటారంటే చాలావరకు వెనకనుండి వంతపాడే వాద్యం. ఈయన ఒక్కొక్క స్వరాన్నే మీటి, మన గమకంలాగా తీగను లాగి, దాన్ని మనిషి గొంతులా పలికించాడు. రాబర్ట్ జాన్సన్ (ఇంటిపేరొకటే, చుట్టరికం లేదు) ఈయన్ని అనుకరించాడు. ఎరిక్ క్లాప్టన్ 2004లో అచ్చంగా ఆ రాబర్ట్ పాటలతోనే ఒక ఆల్బమ్ వేశాడు. లానీ 1948లో పాడి మోగించిన 'టుమారో నైట్'ను ఎల్విస్ ప్రెస్లీ తన తొలి రోజుల్లోనే పాడుకున్నాడు. ఇంగ్లండులో డానెగన్ అనే గాయకుడైతే అభిమానంకొద్దీ తన పేరే లానీ అని మార్చుకున్నాడు. ఆ లానీ డానెగన్‌ని విని గిటార్లు పట్టిన లివర్‌పూల్ పిల్లల్లోంచే బీటిల్స్ వచ్చారు.

ఇంతటివాడు 1959లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో ఊడ్చే పనిలో కనబడ్డాడు. తరువాత టొరాంటో చేరాడు. అవును, మనం 401 ఎక్కి వంకాయలకీ మామిడిపళ్ళకీ పరుగెత్తే టొరాంటోయే. 1969లో అక్కడే కారు గుద్దింది. ఆపైన పక్షవాతం. ఆ చెయ్యి మళ్ళీ తీగ మీదికి రావడం ఎంత కష్టమో వైద్యుణ్ణి గనక ఊహించగలను. 1970 ఫిబ్రవరిలో మాస్సీ హాల్లో బడ్డీ గై గిటార్ వాయిస్తే ఈయన పాట మాత్రం పాడాడు. జూన్‌లో పోయాడు.

వాళ్ళ కృతఘ్నత వాళ్ళది అందామా? నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2021లో 'భీమ్లా నాయక్' పాట ఎత్తుగడలో వినబడిన గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మేలో ఆయన హైదరాబాదు శివార్లలో కూలిపని చేస్తున్న దృశ్యాలు లోకమంతా చూసింది. ఆ పాట మన కేంబ్రిడ్జి ఇళ్ళల్లో ఎన్నిసార్లు మోగిందో! ఆయన పేరు మాత్రం ఎందరికి తెలుసు?

"మరి మన సంస్కృతి?" అంటారు. మన వేదిక మీద పిల్లలు గంతులేసే సినిమా పాటల్లో గిటార్ లేనివెన్నో లెక్కపెట్టండి. టేపులో మోగితే సంస్కృతీ, మన కుర్రాడు చేత్తో వాయిస్తే గోలానా?

వచ్చే ఉగాదికి ఆ డాన్సుల్లో రెండు తగ్గించండి. కుర్రాడు లానీ జాన్సన్ ఎవరో నాలుగు ముక్కలు చెప్పి వాయిస్తాడు. వెంటనే మొగిలయ్యగారి కిన్నెర వినిపిద్దాం. కుర్రాడి ఇంటికి ఫోను చేసి క్షమాపణ చెప్పే పని నాది.