చూపు తిరిగొచ్చిందంటే జబ్బు పోయినట్టు కాదు

మా పిన్నికి మూడేళ్ల కిందట ఎడమ కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. ఊళ్లో పసరు వేశారు, సంతలో ఆరెంపీ డాక్టరు సూది వేశాడు. నెల తిరిగేసరికి చూపు వచ్చేసింది. ఎవరి మందు పనిచేసిందని ఇంట్లో వాదన కూడా జరిగింది. ఏడాది తర్వాత కాళ్లు మొద్దుబారాయి. కాకినాడ తీసుకెళ్తుంటే బస్సు పిఠాపురంలో కాసేపు ఆగింది. దిగినామె మళ్లీ మెట్టు ఎక్కలేకపోయింది. నేనూ కండక్టరూ చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. వెనక సీట్లోంచి ఎవరో "పొద్దున్నే తాగొచ్చినట్టుంది" అన్నారు. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

జబ్బు పేరు తెలియడానికి ఇంకో పద్నాలుగు నెలలు పట్టింది. మల్టిపుల్ స్క్లీరోసిస్. కరెంటు తీగకి రబ్బరు తొడుగున్నట్టే మెదడులో, వెన్నుపాములో నరాలకి ఒక పొర ఉంటుంది. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే ఆ పొరను కొరికేస్తుంది. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య, అందులోనూ ఆడవాళ్లకి వస్తుంది. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఉన్నారు. ఎండాకాలం ఒళ్లు వేడెక్కితే బాధలు ఇంకా ఎక్కువవుతాయి.

దీని మోసమంతా వచ్చి పోవడంలో ఉంది. మొదట్లో చాలామందికి దాడి దానంతటదే తగ్గుతుంది. ఆ సమయానికి ఏ మందు వేసుంటే పేరు దానికే వస్తుంది. అలాగని వెజ్జునీ, ఆరెంపీనీ తిట్టి లాభం లేదు, మనకి దగ్గర్లో ఉన్నది వాళ్లే. కానీ లోపల దెబ్బ మిగిలిపోతుంది, దాడి దాడికీ పేరుకుంటుంది. అందుకే మందు తొందరగా మొదలుపెట్టాలి.

మందు లేదా అంటే ఉంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ జబ్బుకి మూడింటిని చేర్చింది. అందులో ఒకటి రిటుక్సిమాబ్. దాని చౌక రూపాన్ని మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో తెచ్చింది. క్యాన్సర్‌కి వచ్చిన మందే ఇక్కడా పనికొస్తోంది. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, కనిపెట్టుకుని ఎక్కించాల్సిన మందు అది, సంతలో వేసే సూది కాదు.

చట్టం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్‌తో పాటు ఇదీ ఉంది. 40 శాతం అని సర్టిఫికెట్ ఇస్తే నెలకి 6,000 పింఛను. అయితే క్యాంపు రోజున మా పిన్ని కాస్త బాగానే నడిచింది. "నడుస్తోంది కదమ్మా" అని పంపేశారు. రెండు వారాలకి మళ్లీ మంచం పట్టింది. వచ్చి పోయే జబ్బుని ఒక్క పూట చూసి శాతం ఎలా కడతారండి?

పిఠాపురం ఆసుపత్రిని 100 పడకలకి పెంచుతున్నారు, సంతోషమే. మైదానం వాళ్లే కాదు, ఏజెన్సీ నుంచి కాకినాడ వెళ్లే మనవాళ్లు కూడా ఆ దారినే పోతారు. అక్కడ ఎమ్మారై పెట్టమని నేను అడగట్లేదు. వయసులో ఉన్న మనిషికి ఒక కంటి చూపు తగ్గి, తర్వాత కాళ్లు మొద్దుబారితే "నీరసం" అని సెలైన్ పెట్టి పంపకుండా, అదే రోజు నరాల డాక్టరుకి చీటీ రాసేవాళ్లు కావాలి. ఫోన్లో వీడియో పెట్టి పెద్ద డాక్టరుకి చూపించినా చాలు. స్కానింగుకి పోయిరావడానికి ఛార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి ఐటీడీఏ ఇవ్వాలి. మా ఇంట్లో స్కానింగు ఆలస్యమైంది డాక్టరు వల్ల కాదు, జీడిపిక్కల సీజనులో కూలి పోతుందని.

"అరుదైన జబ్బు, మనవాళ్లకెందుకొస్తుంది" అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. సికిల్ సెల్ పరీక్షలు ఊరూరా చేయకముందు దాని గురించీ ఇలాగే అనేవాళ్లు. ఏజెన్సీలో ఎంతమందికి స్కానింగు తీశారని లేదంటున్నారు?

వచ్చే సోమవారం రంపచోడవరం ఐటీడీఏ గ్రీవెన్సులో అర్జీ ఇస్తున్నాం. మీ ఊళ్లో ఇలాంటి మనిషి ఉంటే కూర్చోబెట్టి అడిగి రాసుకుని రండి: చూపు ఏ నెలలో తగ్గింది, ఎన్నాళ్లుంది, తర్వాత ఏ కాలు, ఏ చెయ్యి, ఎవరు ఏ సూది వేశారు. రెండు కాపీలు తీయండి. ఒకటి అర్జీకి, ఇంకోటి ఆ మనిషి చేతిలోనే ఉండాలి, డాక్టరుకి చూపించడానికి.