ఆరో తరగతి ఫారంలో మొదటి గడి

టెక్సస్‌లో, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లోని తెలుగు ఇళ్ళల్లో ఏటా జనవరి దాటగానే ఒక చర్చ మొదలవుతుంది. ఐదో తరగతి పిల్లలు ఆగస్టులో మిడిల్ స్కూల్‌కి వెళ్ళాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ ఎలాగూ ఉంటాయి. ఎలెక్టివ్ మాత్రం ఎంచుకోవాలి. బ్యాండ్, ఆర్కెస్ట్రా, క్వయర్, థియేటర్, ఆర్ట్, కొన్నిచోట్ల కోడింగూ స్పానిషూ. ఫారం రాగానే వాట్సాప్ గ్రూపుల్లో పెద్దలు అడిగేది ఒకటే: ఏది తీసుకుంటే కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుంది?

ఈ ప్రశ్న మనకు మన చదువులే నేర్పాయి. పదో తరగతి అయ్యాక ఎంపీసీయా, బైపీసీయా అన్నదొక్కటే మన ముందున్న ఎంపిక. దానికీ చాలా ఇళ్ళల్లో జవాబు చెప్పింది నాన్నగారో, మేనమామో. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ దగ్గరికొస్తే, తెలుగు బాగా వచ్చినవాళ్ళం కూడా మార్కులు పడతాయని సంస్కృతం తీసుకున్నాం. అప్పటి పోటీ అలాంటిది. కానీ ఆ లెక్కను పదకొండేళ్ళ పిల్ల ఫారం మీద వెయ్యడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు అక్కడ ఆ లెక్కకు పనే లేదు. కాలేజీలు చూసేది తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివిన చదువు. ఆరో తరగతి ఆర్ట్ క్లాసులో వచ్చిన గ్రేడు ఏ యూనివర్సిటీకీ చేరదు. హైస్కూల్ క్రెడిట్ ఇచ్చే ఆల్జీబ్రా 1, స్పానిష్ 1 లాంటివి ముందే తీసుకుంటే అవి ట్రాన్స్‌క్రిప్టులోకి ఎక్కుతాయి కాబట్టి వాటి విషయంలో ఆలోచించాల్సిందే. ఇక లెక్కల్లో వెనకబడిపోతారన్న బెంగ. ఐదో తరగతి రాష్ట్ర పరీక్షలో పై 40 శాతంలో నిలిచిన పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో స్కూళ్ళే చేర్చాలని 2023లో టెక్సస్ చట్టం చేసింది. దానికోసం ఎలెక్టివ్‌ను త్యాగం చెయ్యనక్కర్లేదు. పైగా ఆరు నుంచి ఎనిమిది లోపల కనీసం ఒక కళల కోర్సు చదివి తీరాలన్నది కూడా అదే రాష్ట్రం నియమం.

పెద్దలు నిజంగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఈ ఫారాలు చూసుకునే స్కూలు వచ్చే ఏడాది టైంటేబుల్ కడుతుంది. ఏ కోర్సుకి ఎన్ని సెక్షన్లు, ఎంతమంది టీచర్లు అన్నది పిల్లలు రాసినదాన్ని బట్టే తేలుతుంది. చాలినంతమంది అడగని కోర్సు తీసేస్తారు. అప్పుడు పిల్ల రెండో, మూడో ఎంపికలోకి వెళ్తుంది. ఆ గడుల్ని ఆఖరి నిమిషంలో తోచింది రాసి నింపే ఇళ్ళు చాలా చూశాను. ఏడాదంతా ఇష్టంలేని క్లాసులో కూర్చునేది ఆ పిల్లే. ఆగస్టులో మార్చమని అడిగితే సీటుండకపోవచ్చు.

బ్యాండ్, ఆర్కెస్ట్రాల సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. అవి ఏడాది పొడవునా సాగే క్లాసులు, మొదలయ్యేది ఆరో తరగతిలోనే. టెక్సస్‌లో చాలా స్కూళ్ళు ఫ్లూటు పిల్లలందరికీ ఒక క్లాసు, ట్రంపెట్ పిల్లలకు ఇంకో క్లాసు పెట్టి ఊదడం దగ్గర్నుంచి నేర్పుతాయి. ఏడులో చేరదామనుకుంటే అప్పటికే ఏడాది సాధన చేసినవాళ్ళ పక్కన కూర్చోవాలి. క్లారినెట్ లాంటి చిన్న వాయిద్యాలు తల్లిదండ్రులు అద్దెకు తెచ్చుకోవాలి, ట్యూబా, చెల్లో లాంటి పెద్దవి సాధారణంగా స్కూలే ఇస్తుంది. ఏది ఎవరికి కుదురుతుందో చూడటానికి వసంతంలో ఒక సాయంత్రం పిల్లల్ని పిలిచి ఊదించి చూస్తారు. దానికి తప్పకుండా తీసుకెళ్ళండి. మా వీధిలో ఒకమ్మాయి అమ్మ కోరిక మీద ఫ్లూటు కోసం వెళ్ళి, ట్రాంబోన్ ఊది, ఇక దాన్ని వదల్లేదు.

కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల ఆర్కెస్ట్రాలో చేరితే చెయ్యి పాడవుతుందని కొందరి భయం. పట్టు వేరే, శ్రుతి వేరే, నిజమే. కానీ ఆ వాయిద్యమే మనకు పడమటి నుంచి వచ్చింది. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారంటారు. తర్వాతి కాలంలో విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది ఎంత మనదైపోయిందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లకు రెండూ కావాలనిపిస్తే రెండూ నేర్చుకోనివ్వండి. గురువుగారితో మాత్రం ముందే ఒక మాట చెప్పండి.

తప్పు ఎంచుకుంటే? ఎంచుకోనివ్వండి. థియేటర్ నచ్చలేదని తెలుసుకోవడానికి పదకొండేళ్ళ వయసుకన్నా మంచి సమయం లేదు, ఆ తెలివిడికి ఒక ఏడాదికి మించి ఖర్చు కాదు. హైస్కూల్లో ఇంత వెసులుబాటు దొరకదు. ఆరో తరగతిలో అంతా కొత్తే: కొత్త బడి, ఆరేడుగురు కొత్త టీచర్లు, మూడు నాలుగు ఎలిమెంటరీ స్కూళ్ళ నుంచి వచ్చిన కొత్త మొహాలు. రోజు మొత్తంలో పిల్ల తానై కోరుకున్నది ఆ ఒక్క పీరియడే.

ఈ వారం ఫారం నింపేవాళ్ళకు నా మనవి. మొదటి గడి పిల్లలకే వదిలెయ్యండి. రెండో, మూడో గడులు వాళ్ళతో కూర్చుని నింపండి. అనుమానాలుంటే కౌన్సెలర్‌కి ఇప్పుడే ఈమెయిల్ పెట్టండి, టైంటేబుల్ కట్టేశాక ఆయన చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు.